ఒరుగులతో వండిన రాత్రి భోజనం: నా అనుభవం

నాన్నకి జ్వరం తగ్గి రెండు రోజులైంది. నోరంతా చేదుగా ఉందంటూ ఏది పెట్టినా రెండు ముద్దలతో ఆపేస్తున్నారు. ఆ సాయంత్రం పక్కన కూర్చుని అడిగితే, "వేడిగా, చిక్కగా, మెత్తగా ఉండేది ఏదైనా చెయ్యమ్మా. కూరగాయలు బాగా పడాలి" అన్నారు. అన్ని రోజుల తర్వాత ఆయన నోటి నుంచి ఫలానాది కావాలన్న మాట రావడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమేసిందో. కానీ ఫ్రిజ్ తెరిస్తే తాజా కూరగాయ అంటూ ఒక్కటీ లేదు. ఆస్పత్రి తిరుగుళ్లలో కొనడమే కుదరలేదు. బయట ఎడతెరిపి లేని వాన.

అలమారలో మాత్రం ఒరుగుల సీసాలు, అంటే నేను ఎండబెట్టి దాచుకున్న కూరగాయ ముక్కలవి, ఎనిమిది ఉన్నాయి. క్యారెట్, బంగాళాదుంప, బఠాణీ, మొక్కజొన్న గింజలు, ఉల్లిపాయ, పుట్టగొడుగులు, బీన్స్, క్యాబేజీ. వాటి పక్కన చిన్న డబ్బాలో టమాటా పొడి. వాటితో మంచి కూరగాయల స్టూ అవుతుంది. అయినా చెయ్యి వెంటనే సీసా మీదకి వెళ్లలేదు. టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే అంతకు రెండు నెలల ముందు వీటితోనే స్టూ చేసి, గిన్నెడూ పాడు చేశాను.

ఆ రోజు ఏం చేశానో చెప్తాను, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది అదే చేస్తారు. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, సీసాల్లోంచి తలా గుప్పెడు అందులో పోసేశాను. వెంటనే ఉప్పు, టమాటా పొడి, మిరియాల పొడి కూడా వేసి మూత పెట్టాను. ఎలాగూ ఉడుకుతాయి కదా, ఉడికేటప్పుడే నీళ్లు పీల్చుకుంటాయిలే అనుకున్నాను. ముప్పావు గంట ఉడికింది. ఉల్లిపాయ కరిగిపోయింది. క్యాబేజీ పీచులా తేలింది. క్యారెట్ ముక్క పైకి మెత్తగా కనపడింది గానీ, కొరికితే మధ్యలో తోలు ముక్కలా సాగింది. మొక్కజొన్న గింజలైతే పంటికింద రాళ్లే. ఇంకో అరగంట ఉడికించాను. గింజల్లో మార్పు లేదు, బంగాళాదుంప మాత్రం అంచుల్లో చితికి నడుమ గట్టిగానే ఉండిపోయింది.

కారణం ఏమిటో తెలుసుకోకుండా వదలబుద్ధి కాలేదు. మర్నాడు మూడు చిన్న గిన్నెలు తీసుకుని ఒక్కోదాంట్లో రెండేసి చెంచాల ఎండు క్యారెట్ వేశాను. ఒకదాంట్లో ఉత్త వేడి నీళ్లు, రెండోదాంట్లో ఉప్పు కలిపిన వేడి నీళ్లు, మూడోదాంట్లో టమాటా పొడి కలిపిన వేడి నీళ్లు. నలభై నిమిషాల తర్వాత మూడింటినీ విడివిడిగా ఉడికించి కొరికి చూశాను. ఉత్త నీళ్లలోవి నిండుగా ఉబ్బి, ఉడికాక మెత్తగా అయ్యాయి. ఉప్పు నీళ్లలోవి కొంచెం బిగుతుగా ఉన్నాయి. టమాటా నీళ్లలోవి ఎంతసేపు ఉడికించినా కసరుగానే మిగిలాయి. తర్వాత చదివితే అర్థమైంది. కూరగాయ కణాలను ఒకదానికొకటి అతికి ఉంచే జిగురు లాంటి పదార్థం పెక్టిన్. మామూలు నీళ్లలో ఉడికితే అది కరిగి ముక్క మెత్తబడుతుంది. పులుపు తగిలితే అది సులువుగా కరగదు. పప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మనకి ఎప్పుడో తెలుసు. అదే సంగతి ఎండిన క్యారెట్‌కీ వర్తిస్తుందని నాకు తట్టలేదు. ఉప్పేమో ముక్కలోకి నీరు వెళ్లే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే ఎండిన కూరగాయలకి ముందు ఉత్త నీళ్లు, ముక్క మెత్తబడ్డాకే ఉప్పు, అన్నిటికంటే చివర పులుపు. ఆ వరుస తప్పితే మంట ఎంత పెట్టినా లాభం ఉండదు.

వంట సగం ఎండబెట్టే రోజే అయిపోతుందని కూడా ఆ పరీక్ష వల్లే తెలిసింది. క్యారెట్‌లో దాదాపు 88 శాతం నీరే. కిలో క్యారెట్లు చెక్కు తీసి చిన్న చిన్న చదరాలుగా కోసి ఎండబెడితే నాకు 120 గ్రాములు కూడా రాలేదు. అంత నీరు బయటికి పోయిన ముక్క, తిరిగి నీరు తాగి నిండాలంటే దాని లోపలి అమరిక మరీ బిగుసుకుపోయి ఉండకూడదు. క్యారెట్, బంగాళాదుంప, బఠాణీ, మొక్కజొన్న, బీన్స్ లాంటివాటిని ఎండబెట్టే ముందు మరిగే నీళ్లలో కొద్ది నిమిషాలు వేసి తీసి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచాలి. దీన్నే బ్లాంచింగ్ అంటారు. క్యారెట్‌కి మూడు నాలుగు నిమిషాలు, బంగాళాదుంపకి ఐదారు నిమిషాలు ఇస్తాను. దీనివల్ల రంగునీ రుచినీ పాడుచేసే ఎంజైములు ఆగిపోతాయి, తర్వాత నీరు కూడా త్వరగా ఎక్కుతుంది. ఒకసారి తొందరలో బంగాళాదుంపకి ఈ పని మానేశాను. తెల్లారేసరికి ట్రే మీద ముక్కలన్నీ బూడిద రంగుకి తిరిగాయి. ఉల్లిపాయ, పుట్టగొడుగులు, టమాటాలకి బ్లాంచింగ్ అక్కర్లేదు.

బఠాణీ విషయంలో ఇంకో మేలైన దారి దొరికింది. గడ్డకట్టించి అమ్మే బఠాణీ ప్యాకెట్‌ని అలాగే ట్రే మీద పరిచి ఎండబెట్టడం. వాటికి బ్లాంచింగ్ ముందే అయిపోయి ఉంటుంది. పైగా గడ్డకట్టినప్పుడు లోపల ఏర్పడిన మంచు పలుకులు కణాల గోడలను చీలుస్తాయి కాబట్టి, తర్వాత నీళ్లలో వేస్తే చకచకా ఉబ్బుతాయి. తాజా బఠాణీని ఒలిచి ఎండబెట్టినదానికీ దీనికీ నీళ్లు పీల్చే తీరులో చాలా తేడా ఉంది. బీన్స్‌కీ ఇదే చేయాల్సింది. నేను చేయలేదు, అడ్డంగా లావు ముక్కలు కోసి ఎండబెట్టాను. నా దగ్గరున్న బీన్స్ ఇప్పటికీ నానబెట్టినా రబ్బరులా సాగుతాయి.

ముక్కలు ఎండబెట్టే యంత్రం డీహైడ్రేటర్. దాని వేడిని 52 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతాను. త్వరగా అవుతుందని వేడి పెంచితే ముక్క పైపొర గట్టిపడి లోపలి తేమ బయటికి రాకుండా ఉండిపోతుంది. చూడటానికి ఎండినట్టే ఉంటుంది, సీసాలో బూజు పడుతుంది. ముక్క విరిస్తే టక్కున విరగాలి, వంగకూడదు. సీసాలో మూడొంతులే నింపి, వారం రోజులు రోజూ ఒకసారి కుదిపి చూస్తాను. ముక్కలు అతుక్కున్నా, గాజు మీద చెమట పట్టినా మళ్లీ ట్రేలకెక్కించాల్సిందే.

ఇక ఆ సాయంత్రానికి వస్తే, ముందు సీసాలన్నీ దింపి ఒక్కొక్కటీ మూత తీసి వాసన చూశాను, ముక్క విరిచి చూశాను. క్యాబేజీ సీసా తెరవగానే తేడా తెలిసింది. పెళపెళలాడాల్సిన ఆకు చేతిలో మెత్తగా ముడుచుకుంది. మూత రబ్బరు వదులైంది. బూజు కనపడలేదు గానీ, జ్వరం నుంచి లేచిన మనిషికి పెట్టేదాంట్లో అనుమానానికి తావివ్వదల్చుకోలేదు. మొత్తం పారేశాను. బీన్స్‌ని ముట్టుకోలేదు. మిగతా ఆరు బాగున్నాయి.

ముగ్గురికి సరిపడేలా కొలిచాను. బంగాళాదుంప ఒక కప్పు, క్యారెట్ అర కప్పు, బఠాణీ అర కప్పు, పుట్టగొడుగులు అర కప్పు, మొక్కజొన్న పావు కప్పు, ఉల్లిపాయ పావు కప్పు. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది. అక్కడే చాలామంది ఇంకో గుప్పెడు వేసేస్తారు. క్యారెట్ నానితే రెండింతలు దాటుతుంది. నా మొదటి స్టూలో గరిటె నిలబడేంతగా ముక్కలు నిండిపోవడానికి అదీ ఒక కారణం.

ఈసారి దేనికి దానికి వేరే గిన్నె పెట్టాను. స్టీలు గిన్నెలో మొక్కజొన్న పోస్తే గులకరాళ్లు పోసినట్టు చప్పుడైంది. వాటికి అన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి 5:15కే మరిగే నీళ్లు పోసి మూత పెట్టాను. 5:30కి బంగాళాదుంప, క్యారెట్. 5:45కి బఠాణీ. ఆరింటికి పుట్టగొడుగులు, ఉల్లిపాయ. ఒక కప్పు ముక్కలకి రెండు కప్పుల నీళ్లు లెక్క. మరిగే నీళ్లు పోస్తే గంటలోపే పని అవుతుంది. చన్నీళ్లలో నానబెట్టేవాళ్లు రెండు గంటలు దాటేలా ఉంటే గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండబెట్టినంత మాత్రాన సూక్ష్మక్రిములన్నీ చచ్చిపోవు, నీరు లేక ఊరికే ఉంటాయంతే. నీరు తగిలితే మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. అందుకే నానిన ముక్కలను వదిలేసి వేరే పనిలో పడకూడదు.

క్యారెట్ గిన్నె దగ్గర కాసేపు నిలబడిపోయాను. ఎండినప్పుడు ఇటుక రంగులో, అంచులు లోపలికి ముడుచుకుని, పాత చెక్కపొట్టులా ఉన్న ముక్కలు. పది నిమిషాలకి ముడతలు సడలాయి. ఇరవై నిమిషాలకి మూలలు విచ్చుకున్నాయి, ఇటుక రంగు పోయి నారింజ రంగు తేరింది. ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కాను. పైన మెత్తగా ఉన్నా నడుమ బియ్యపు గింజంత గట్టి పలుకు తగిలింది. ఆ పలుకు ఉన్నంతసేపూ స్టవ్ వెలిగించకూడదని నిశ్చయించుకున్నాను. నలభై నిమిషాలకి ఇంకోటి నొక్కితే పలుకు లేదు. ముక్క వంగింది, వదిలేస్తే మళ్లీ మామూలుగా లేచింది. నాకు గడియారం కంటే ఈ నొక్కి చూడటమే నమ్మకం. ముక్క మందాన్ని బట్టి, ఎండిన తీరుని బట్టి ఒక్కో సీసాకి సమయం మారిపోతుంది.

నానిన నీళ్లు పారబోయకూడదు. రుచి, నీళ్లలో కరిగే పోషకాలు కొన్ని అందులోకి దిగుతాయి. క్యారెట్, బంగాళాదుంప, మొక్కజొన్న నీళ్లని అలాగే వాడాను. పుట్టగొడుగుల నీళ్లు మాత్రం జాగ్రత్తగా వంచుకోవాలి, అడుగున సన్నటి ఇసుక చేరుతుంది. పల్చటి గుడ్డలోంచి వడకడితే టీ డికాక్షన్ రంగులో నీళ్లు వచ్చాయి. ఎండు పుట్టగొడుగుల వాసన ఇష్టపడేవాళ్లకి చెప్పనక్కర్లేదు, ఆ కప్పుడు నీళ్లే స్టూకి ప్రాణం. మాంసం లేకుండా మాంసపు చారు లాంటి లోతైన రుచి దానివల్లే వస్తుంది.

మందపాటి గిన్నెలో అర కప్పు మసూర్ పప్పు, నానిన బంగాళాదుంప, క్యారెట్, మొక్కజొన్న, వాటి నీళ్లు, ఇంకో మూడు కప్పుల వేడి నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టాను. ఉప్పు లేదు, టమాటా లేదు. మరిగాక మంట సిమ్‌లో పెట్టాను. మసూర్ పప్పు ఎందుకంటే అది నానబెట్టకుండానే ఇరవై నిమిషాల్లో కరిగిపోయి స్టూని చిక్కబరుస్తుంది, పిండి కలపాల్సిన పని ఉండదు. జ్వరపడి లేచినవాళ్లకి కాస్త ప్రొటీన్ కూడా అందుతుంది.

పక్క స్టవ్ మీద మూకుడులో వెన్న వేశాను. ఉల్లిపాయని నీళ్లన్నీ పోయేలా గట్టిగా పిండి అందులో వేశాను. ఎండు ఉల్లిని నానబెట్టకుండా నేరుగా వేడి వెన్నలో వేస్తే కళ్లు మూసి తెరిచేలోగా మాడి చేదెక్కుతుంది. పిండకుండా వేస్తే ఆ తడికి వేగదు, ఉడుకుతుంది. నీళ్లు పిండేసి వేస్తే మాత్రం అంచులు బంగారు రంగుకి తిరిగి, తాజా ఉల్లి కంటే తియ్యటి వాసన వస్తుంది. తర్వాత దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, పిండిన పుట్టగొడుగులు. పుట్టగొడుగులు వేగుతుంటే లోపల గదిలోంచి నాన్న గొంతు వినిపించింది. "ఏం వేశావమ్మా, వాసన ఇక్కడిదాకా వస్తోంది." జ్వరంలో వాసనే తెలియడం లేదన్న మనిషి ఆయన. నా చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగిపోయింది.

పాతిక నిమిషాలకి పప్పు కరిగింది. ఒక క్యారెట్ ముక్క, ఒక బంగాళాదుంప ముక్క, రెండు మొక్కజొన్న గింజలు తీసి కొరికి చూశాను. క్యారెట్ వెన్నలా ఉంది. మొక్కజొన్న ఇంకా కొంచెం గట్టి. మరో పది నిమిషాలు ఆగాను. ఇంతలో గిన్నెలో నీళ్లు తగ్గిపోయాయి. ఇది గుర్తుంచుకోవాల్సిన మాట, నానిన తర్వాత కూడా ముక్కలు ఉడుకుతూ నీళ్లు తాగుతూనే ఉంటాయి. పక్కన వేడి నీళ్లు సిద్ధంగా పెట్టుకుంటే మంచిది. గ్లాసున్నర పోశాను. బంగాళాదుంప ముక్కల్లో పావు వంతు గరిటె వెనకతో గిన్నె గోడకి అదిమి మెదిపాను. దాంతో పులుసంతా ఒక దగ్గరికి వచ్చింది.

అప్పుడు బఠాణీ, వేగిన ఉల్లి, పుట్టగొడుగులు, ఆ వడకట్టిన నీళ్లు పోశాను. గింజలు మెత్తబడ్డాయని తేల్చుకున్నాకే ఉప్పు వేశాను, అదీ మామూలుగా వేసేదాంట్లో సగమే. చివరగా రెండు పెద్ద చెంచాల టమాటా పొడి. దాన్ని నేరుగా చల్లితే ఉండలు కడుతుంది, ముందు కాసిన్ని గోరువెచ్చని నీళ్లలో పేస్టులా కలుపుకోవాలి. ఆ పేస్టు కలపగానే పసుపుపచ్చగా ఉన్న స్టూ మాగిన ఎరుపుకి మారింది. ఐదు నిమిషాలు సిమ్‌లో ఉంచి, మిరియాల పొడి చల్లి దింపాను. రుచి చూస్తే తీపి కాస్త ముందుకొచ్చింది. క్యారెట్, ఉల్లి, మొక్కజొన్న మూడూ ఎండినప్పుడు తీపి పోగవుతుంది. చిటికెడు ఉప్పు పెంచాను, గిన్నెల్లో వడ్డించాక నిమ్మరసం పిండాను. బ్లాంచింగ్‌లోనూ ఎండబెట్టడంలోనూ విటమిన్ సి చాలావరకు పోతుంది కాబట్టి చివర్లో పచ్చి నిమ్మరసం నాకు తప్పనిసరి. పీచు, ఖనిజాలు మాత్రం చాలావరకు ఉంటాయి.

7:20కి నాన్న ముందు గిన్నె పెట్టాను. కాల్చిన బ్రెడ్ ముక్క ఒకటి పక్కన. ఆయన మొదటి చెంచా నోట్లో పెట్టుకుని మింగేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. రెండోది తీసుకున్నారు. మూడోదాంట్లో మొక్కజొన్న గింజలు వచ్చాయి. నములుతుంటే ఆయన దవడ వైపే చూస్తున్నాను. ఆగలేదు.

"ఈ వానలో కూరగాయలు ఎక్కడ దొరికాయి?" అన్నారు.

"ఇంట్లోవే నాన్నా. ఎండబెట్టి సీసాల్లో పెట్టినవి."

"ఎండినవా?" అంటూ చెంచాతో ఒక క్యారెట్ ముక్కని పైకి తీసి దీపం వెలుగులో చూశారు. నోట్లో వేసుకున్నారు. ఇంకేం మాట్లాడలేదు. గిన్నె అడుగు బ్రెడ్ ముక్కతో తుడుచుకుని తిన్నారు.

తాజా కూరగాయలతో చేసిన స్టూ వేరు, ఇది వేరు. తాజాదాంట్లో ముక్క నోట్లో కరుగుతుంది. ఇందులో ఎంత బాగా నానినా కొంచెం నమిలే గుణం ఉంటుంది, పచ్చిదనపు వాసన ఉండదు. బదులుగా రుచి చిక్కబడుతుంది, ఎక్కువసేపు కాచిన చారులో ఉండేలాంటి చిక్కదనం. సలాడ్‌కీ, కరకరలాడే వేపుళ్లకీ ఈ ముక్కలు పనికిరావనే నా అభిప్రాయం. తడి ఉండి, నెమ్మదిగా ఉడికే వంటల్లోనే వీటి మంచితనం బయటపడుతుంది.

మిగిలిన స్టూని చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున మూత తీస్తే గరిటె దిగనంత గట్టిపడి ఉంది. రాత్రంతా ముక్కలు తాగుతూనే ఉన్నాయన్నమాట. గ్లాసు వేడి నీళ్లు పోసి మళ్లీ బాగా మరిగించాను. మొక్కజొన్న గింజ ఒకటి కొరికితే, రాత్రి ఉన్న ఆ కాస్త బిరుసూ పోయింది. నాన్నకి ఆ మాట చెప్పి గిన్నె ఇస్తే, "అయితే ఈసారి ముందు రోజే వండు" అన్నారు.

వాన తగ్గాక రెండు కిలోల క్యారెట్లు తెచ్చి, ఈసారి ముక్కలు ఇంకాస్త సన్నగా కోసి ట్రేలకెక్కించాను. బీన్స్ కూడా తెచ్చాను. నిలువుగా సన్నగా చీరి, బ్లాంచింగ్ చేసి, ప్రస్తుతం ఫ్రీజర్‌లో పెట్టాను. రేపు ఎండబెట్టాలి. క్యాబేజీ సీసాకి కొత్త రబ్బరు వేయాలి.